‘క’ రాకముందే వెళ్ళిపోయిన మాటల మేడమ్

రెండో ఆదివారం పొద్దున్న తొమ్మిదింటి బస్సు మా ఊరి వంతెన దగ్గర ఆగింది. మాటల మేడమ్ దిగలేదు. కండక్టరు దిగాడు. టిక్కెట్లు కొట్టే మనిషి బస్సు దిగి మన వైపు నడిచి వస్తున్నాడంటే అది మంచి కబురు కాదని నాకు అప్పుడే తెలిసింది.

“మామ్మగారూ, ముందు సీటు మేడమ్ గారు గురువారం పోయారంటండి. గూడెంలో, ఇంటి దగ్గరే. గుండె నొప్పంట. వాళ్ళ చెల్లెలుగారు బస్టాండుకొచ్చి చెప్పారండి. కొల్లేరు వైపు వంతెన దగ్గర ఒక మామ్మగారూ మనవరాలూ కూర్చుని ఉంటారు, కాస్త చెప్పండి అన్నారండి.”

చెప్పేసి బస్సెక్కాడు. నా పక్కన మా పావని కూర్చుని ఉంది. పదకొండేళ్ళది, నా కొడుకు కూతురు. చేతిరుమాలులో చుట్టిన చిన్న అద్దం దాని ఒళ్ళో ఉంది.

“మేడమ్ రారా, మామ్మా?” అంది.

తేటగా అంది. ‘డ’ ఆవిడ కిందటేడు వానల్లో నేర్పింది. నేర్పిన మనిషి రాదన్న సంగతి ఆ అక్షరం పెట్టుకునే అడిగింది.

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మా వీధిలో ట్యూషన్లు చెప్పే అమ్మాయి రాస్తోంది. సొంత మాటలు కలపొద్దని ముందే చెప్పాను. పోయినవారి గురించి మంచే చెప్పాలి మామ్మగారూ అంటుంది. మంచే చెబుతాను. ఆవిడ మంచిది. చెడ్డ చేసింది నేను. అదీ రాయమన్నాను, కొట్టివేతలు లేకుండా.

ఆవిడ ఉద్యోగానికి ఇంగ్లీషులో పొడుగాటి పేరుంది. అది మా ఎవరికీ నోరు తిరగదు. బడిపిల్లల్లో నత్తి ఉన్నవాళ్ళకీ, చెవి సరిగా వినపడనివాళ్ళకీ, మా పావనిలా మాట ముక్కులోంచి వచ్చేవాళ్ళకీ మాట నేర్పే పని. అందుకని మాటల మేడమ్ అన్నాం. తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు, ఏలూరు నుంచి మా చెరువుల మధ్యకు, రెండు బస్సులు మారి బుధవారం బుధవారం మా బడి సైన్సు గదికి వచ్చేది. చేప ముట్టని ఇంటి మనిషి. వచ్చేది మాత్రం రొయ్యల షెడ్డుకు వెళ్ళే ఆడవాళ్ళతో, చేపల తట్టలతో నిండిన బస్సులో. ఒక్కరోజూ ముక్కు మూసుకోగా నేను చూడలేదు. చెప్పులు బయట విప్పేది. ఏలకులు నమిలేది. “పిల్లల మొహం దగ్గర మొహం పెట్టి కూర్చోవాలి కదండీ” అనేది. కుర్చీ ఉన్నా నేల మీదే కూర్చునేది, తన నోరు పిల్లల కళ్ళకు ఎదురుగా ఉండాలని.

మా పావనికి పైపెదవి చక్కగానే ఉంది. చీలిక లోపల, అంగిట్లో ఉంది. పుట్టిన వారానికి పాలు ముక్కులోంచి వచ్చాయి. మా వైపు దాన్ని గ్రహణం మొర్రి అంటారు. గ్రహణం నాడు కోడలు చెరువుగట్టు మీదికి వెళ్ళిందని నేను నాలుగు వీధులకు వినపడేలా తిట్టాను. ఏడాదికి ఆపరేషన్ చేయించండన్నారు. పంటలన్నాం, పండగన్నాం, నాలుగేళ్ళు దాటాక చేయించాం. కుట్లు మానిపోయాయి కాబట్టి ఇక మాటలు వచ్చేస్తాయనుకున్నాం.

రాలేదు. నాకు ఆ సంగతి చాన్నాళ్ళు తెలియలేదు కూడా. ఎందుకంటే అది నన్ను ‘మామ్మా’ అని ముత్యంలా పిలిచేది. ‘అమ్మ’, ‘నాన్న’ కూడా అంతే. ఇంట్లో దానికి అవే పెద్ద అవసరం. మిగతాది నాకు అర్థమయ్యేది. ‘మమ్ము’ అంటే పప్పు, ‘మాలు’ అంటే పాలు. తన పేరు ‘మామని’ అని చెప్పుకునేది. బళ్ళో వేస్తే పిల్లలు అదే పేరు పెట్టి పిలిచారు. నేను బడికి వెళ్ళి ఆ పిల్లల తల్లులతో పోట్లాడి వచ్చాను. ఇంటికొచ్చి దాని నాలుక మీద వస అరగదీసి రాశాను. వస పోస్తే మాటలొస్తాయని మా అమ్మ చెప్పింది, మా అమ్మకు వాళ్ళ అమ్మ చెప్పింది.

మొదటి బుధవారం మేడమ్ ముందు ఇవన్నీ ఏకరువు పెట్టాను. గ్రహణం, కోడలు, వస. ఆవిడ నవ్వలేదు.

“వస నాలిక్కి రాశారు మామ్మగారూ. లోపం అంగిట్లో కదండీ.”

“మరి గ్రహణమండీ?”

“గ్రహణం నాడు మీ కోడలుగారు ఏంచేశారో నాకు అక్కర్లేదండి. రేపట్నుంచి మీరేం చేస్తారో అది చెప్పండి.”

నాతో అలా మాట్లాడినవారు మా ఊళ్ళో లేరు. నా నోటికి జడిసి పాలవాడు కూడా వీధి చివర నుంచే గంట కొట్టి పోయేవాడు.

‘మామ్మా’ ఎలా వస్తోంది, ‘పాప’ ఎందుకు రావడం లేదు అని అడిగాను. ఆవిడ అద్దం తీసి తన ముక్కు కింద పెట్టుకుంది. ‘మ’ అంది. అద్దం మీద ఆవిరి. తుడిచి ‘ప’ అంది. అద్దం తేటగా ఉంది. పావని ముక్కు కింద పెట్టి ‘ప’ అనమంది. అద్దమంతా మసక. “చూశారాండీ? ‘మ’కి గాలి ముక్కులోంచి పోవాలి, పోతోంది. ‘ప’కి నోట్లో ఆగాలి, ఆగడం లేదు” అంది.

“తూము పలక దిగట్లేదన్నమాట” అన్నాను. చేలోకి వెళ్ళాల్సిన నీళ్ళు పలక సరిగా దిగకపోతే మురుగు కాలువలోకి పోతాయి, మాకు అది తెలుసు.

ఆవిడ కళ్ళజోడు తీసి నా వైపు చూసింది. “ఎన్నేళ్ళుగానో తల్లులకు చెప్పలేక చస్తున్నానండీ ఈ ముక్క. పలక కుట్టి పెట్టారు డాక్టర్లు. దాన్ని దించడం అలవాటు చేయాలి, అంతే మన పని” అంది. ఆ తరవాత ఏ తల్లి వచ్చినా, “మా మామ్మగారు చెప్పారండీ, తూము పలక” అని మొదలుపెట్టేది. నా మాట ఒక మాస్టరమ్మ నోట్లో తిరగడం అదే మొదలు. నాకు గర్వంగా ఉండేది. ఆ గర్వమే తరవాత కొంప ముంచింది.

చెరువుల గట్ల మీద కొంగ ఈకలు బోలెడు. మెత్తటి చిన్న ఈకలు ఏరించి మాత్రల సీసాలో దాచేది. పావని అరచేతిలో ఒకటి పెట్టి, ముక్కు వేళ్ళతో మూయించి, “ఇప్పుడు ‘ప’ అనమ్మా” అనేది. ముక్కు మూస్తే గాలికి వేరే దారి లేదు, పెదవుల్లోంచి వచ్చేది, ఈక లేచేది. తరవాత వేళ్ళు తీసేయించింది. ఈక కదల్లేదు. వారం, నెల, ఎండాకాలం సెలవులు, మళ్ళీ బుధవారం. నాకు విసుగొచ్చేది. ఆవిడకు రాలేదు. ఒక బుధవారం ఈక ఎగిరి నా జుట్టులో పడింది. పావని భయపడి నా వైపు చూసింది, ఏదో తప్పు చేసినట్టు.

“నీ పేరేంటమ్మా?” అంది మేడమ్.

“పావని.”

బయట మెట్ల మీద కూర్చుని నేను ఏడ్చాను. ఎవరూ చూడలేదనుకున్నాను. మేడమ్ మంచినీళ్ళ సీసా తెచ్చి పక్కన పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

ఆవిడకు ఒక అలవాటుండేది. పిల్లల్ని ఏదైనా అడిగాక చెయ్యి వెనక్కి పెట్టుకుని ఒక్కొక్క వేలే ముడిచేది. అయిదూ ముడిచేదాకా సాయం చేయదు, మాట అందించదు. ఎంత కష్టమో చూడండి, పిల్ల పెదవులు వణుకుతుంటే ఊరికే కూర్చోవడం. నేను రెండో వేలికే చెప్పేసేదాన్ని.

“మామ్మగారూ, దాని మాటలన్నీ మీరే మాట్లాడేస్తుంటే ఇక దానికి మాటెందుకండీ?”

“చూస్తూ ఊరుకోమంటారా?”

“ఊరుకోలేరని తెలుసండి. అందుకే నీళ్ళు తెచ్చాను.”

నిజంగానే నీళ్ళు. కొట్టుకు వెళ్ళేటప్పుడు నోటినిండా నీళ్ళు పోసుకుని వెళ్ళమంది. పిల్ల అడిగేదాకా మింగకూడదు, ఉమ్మకూడదు. మొదటిరోజు నేను బుగ్గలు ఉబ్బించుకుని వీధిలో నడుస్తుంటే జనం అరుగుల మీదికి వచ్చి చూశారు. కొట్టు ఆయన నన్ను చూసి, “ఏంటండీ మామ్మగారూ, ఇవాళ ఊరు ఇంత ప్రశాంతంగా ఉంది?” అన్నాడు. తిట్టడానికి నోరు ఖాళీ లేదు. కళ్ళతోనే తిట్టాను. పావని బల్ల పట్టుకుని నిలబడింది. నీళ్ళు నా నోట్లో వేడెక్కాయి. ముక్కులోంచి ఊపిరి పీలుస్తూ వేళ్ళు ముడుస్తున్నాను. నాలుగో వేలు దగ్గర, “పప్పు” అంది. కొట్టు ఆయన చేతిలో త్రాసు పళ్ళెం అలాగే ఉండిపోయింది. “ఇస్తానమ్మా, ఇస్తాను” అన్నాడు. నేను బయటికొచ్చి నీళ్ళు ఉమ్మి, వెనక్కి వెళ్ళి, అతన్ని తిట్టాల్సిన తిట్లు తిట్టేసి వచ్చాను.

అలా ‘ప’, ‘బ’ వచ్చాయి. తరవాత ‘త’, ‘ద’. పెదవుల దగ్గర్నుంచి లోపలికి పోతూ నేర్పేది. “‘క’ అన్నిటికంటే లోపల ఉంటుందండి. నాలుక వెనక భాగం లేచి అంగిటిని తాకాలి. కనపడదు కాబట్టి చూపించలేం. దానికి వారం తప్పకూడదు” అనేది. మూడేళ్ళు పట్టింది ‘క’కు ఇంకో మెట్టు ఇవతలి దాకా రావడానికి. అక్కడ ఆగింది. ఎలా ఆగిందో చెబుతాను.

పైనుంచి ఒక పెద్దాయన తనిఖీకి వస్తున్నారని తెలిసింది. మేడమ్ మాకేమీ చెప్పలేదు. అటెండరు చెప్పాడు. పని ఎలా జరుగుతోందో చూసి, ఏం కావాలో రాసుకుని వెళతారంట. ఏం కావాలో రాసుకోవడానికి వస్తున్నారన్న ముక్క నా చెవిలో పడనే లేదు. తనిఖీ అంటే మేడమ్‌కు మాట వస్తుందని మాత్రమే నాకు తోచింది.

మా వైపు పద్ధతి మీకు తెలుసు. ఎలా ఉన్నారండీ అంటే నూట రెండు జ్వరంతో మంచం మీద ఉన్నా, బాగున్నామండీ, మీరెలా ఉన్నారండీ అంటాం. భోజనానికి వచ్చినవారు కూరలో ఉప్పు లేదని అనరు, వడ్డించినవారూ అనరు. ఇద్దరూ చప్పటి కూర తిని లేస్తారు. నేను ఊరందరితో పోట్లాడే మనిషిని గానీ పరాయివారి ముందు ఇంటి గుట్టు విప్పను. అందుకని ఆ పొద్దున్న తల్లులందర్నీ పోగేశాను.

“ఎవరూ నోరు జారకండి. అంతా బాగుందనండి. మేడమ్ గారికి మచ్చ రాకూడదు” అన్నాను.

నత్తి పిల్లాడి తల్లి, “మావాడికి ఇంకా తగ్గలేదు కదండీ” అంది.

“తగ్గుతోందను. అబద్ధమేముంది అందులో?”

పావనికి నేనే మాటలు కట్టిపెట్టాను. అప్పటికి నాకు ఆ విద్య వంటబట్టింది. ఏ అక్షరం వస్తుందో, ఏది రాదో వేళ్ళ మీద ఉంది. రాని అక్షరం ఒక్కటి లేకుండా ఏరి కూర్చాను. ‘నా పేరు పావని. మా ఊరిలో వరి పొలాలు, తామర పూలు, బాతులు. మా అమ్మ, మా నాన్న, మా మామ్మ.’ కొంగలు పెట్టలేదు. కొల్లేరు పక్కన పుట్టిన పిల్ల చేత కొల్లేరు మాట లేకుండా ఊరి గురించి చెప్పించాను. రెండు రోజులు వల్లె వేయించాను.

ఆ పెద్దాయన మంచివాడే. అండీ లేకుండా మాట్లాడలేదు. పావని చెప్పింది విని చప్పట్లు కొట్టాడు. “ఎంత చక్కగా మాట్లాడుతోందండీ” అన్నాడు. తరవాత వంగి, “మీదే ఊరమ్మా?” అన్నాడు.

మా ఊరి పేరు ‘క’తో మొదలవుతుంది.

పావని నోరు తెరిచింది. మేడమ్ ఆయన వెనక నిలబడి ఉంది. చెయ్యి వెనక్కి పెట్టుకుంది. గోడకు ఉన్న అద్దాల బీరువాలో ఆ చెయ్యి నాకు కనపడుతోంది. ఒక వేలు ముడిచింది. ఆవిడకు ఆ అయిదు వేళ్ళూ కావాలి. ఆ నిశ్శబ్దం ఆయన చెవిన పడాలి. ఈ పిల్లకు ఇంకా పని మిగిలి ఉందని ఆయనకు తెలియాలి. రెండో వేలు ముడిచింది.

నేను ఊరి పేరు చెప్పేశాను. చెప్పి ఊరుకోలేదు. “సిగ్గండీ దానికి. నిక్షేపంలా మాట్లాడుతుందండీ. అంతా మేడమ్ గారి దయండీ. ఇక దీనికి ఏ లోటూ లేదండీ” అన్నాను. తల్లులందరూ నా వెనకే అందుకున్నారు. మా వాడికీ అంతేనండీ, మా దానికీ అంతేనండీ. ఆయన రాసుకున్నాడు. ఒక కాగితం మీద నా వేలిముద్ర తీసుకున్నాడు. నేను బొటనవేలు గట్టిగా నొక్కాను, సరిగా పడాలని.

జీపు వెళ్ళిపోయాక మేడమ్ అద్దాన్ని చేతిరుమాలులో చుట్టుకుంటూ కూర్చుంది. తిడుతుందేమో అనుకున్నాను. తిట్టినా బాగుండేది.

“ఇవాళ నీళ్ళు మర్చిపోయారండీ మామ్మగారూ” అంది.

అంతే అంది. నాకు అప్పుడు అర్థం కాలేదు. నెల తిరిగేసరికి అర్థమైంది. ఇక్కడి పిల్లలకు మాటలు వచ్చేశాయి కాబట్టి ఆవిడను వేరే వైపు పంపారు. చింతలపూడి మెట్ట నుంచి ఇటు చెరువుల దాకా ఒక్క మనిషి. మాకు వారం పోయి నెల అయింది, నెల పోయి ఎప్పుడు వీలైతే అప్పుడు అయింది. ఆ సైన్సు గదిలో ఇప్పుడు విరిగిన బెంచీలున్నాయి.

తరవాత ఆవిడ రెండో ఆదివారం, నాలుగో ఆదివారం సొంతంగా రావడం మొదలుపెట్టింది. సెలవు రోజున, ఎవరూ రమ్మనకుండా. మా అరుగు మీద చాప వేసేదాన్ని. వెళ్ళేటప్పుడు అద్దం పావని దగ్గరే ఉంచి పోయేది. అలిసిపోయి వచ్చేది. మెట్లెక్కేటప్పుడు గుండె మీద చెయ్యి వేసుకుని ఆగేది. “ఏమండీ, డాక్టరుకి చూపించుకోకూడదాండీ” అంటే, “చూపించుకుంటానండీ, ఈ వానలు పోనివ్వండి” అనేది. ఆవిడకూ మా జబ్బే ఉంది. బాగున్నానండీ అనే జబ్బు. ఇంకో మాట అడిగే హక్కు నాకు లేదనిపించి నేను ఊరుకున్నాను. అడగాల్సింది.

ఆ ఆదివారాల్లో ‘ట’, ‘డ’ వచ్చాయి. ‘క’ రాలేదు. రెండు వారాలకోసారి అయితే అది వచ్చేది కాదు. ఇంకో సంగతి కూడా జరిగింది. అది మేడమ్ కనిపెట్టింది.

“పావనీ, అదేంటమ్మా గట్టు మీద?” అని కొంగను చూపించింది.

“తెల్ల పిట్ట” అంది.

“పేరు చెప్పమ్మా.”

“తెల్ల పిట్ట.”

“అటు నీళ్ళ పేరేంటి?”

“మా ఊరి నీరు.”

మేడమ్ వేళ్ళు ముడవడం ఆపేసింది. రాని అక్షరాన్ని తప్పించుకుని మాట్లాడటం దానికి అలవాటైపోయింది. ఆ విద్య నేర్పింది ఎవరు? నేను. తనిఖీ రోజు కోసం రెండు రోజులు కూర్చోబెట్టి మరీ నేర్పాను. ఇప్పుడది కందిపప్పు అడగదు, ఏదో పప్పు తెచ్చేస్తుంది. కాకిని నల్ల పిట్ట అంటుంది. హైస్కూల్లో ఆరో తరగతి. టీచరు ప్రశ్న అడిగితే, జవాబులో రాని అక్షరం ఉందనుకుంటే, తెలిసినా తెలియదని తల ఊపుతుందట. మార్కులు తగ్గాయి. ‘తేటగా మాట్లాడుతుంది, కానీ చదువులో వెనక’ అని ఆ టీచరు నాతోనే అంది. మేడమ్ ఆ రోజు చాలాసేపు పావని తల నిమురుతూ కూర్చుంది. “తెలివైన పిల్లలకే ఇది వస్తుందండీ” అంది. ఓదార్పుకు అందో, భయపడి అందో నాకు తెలియలేదు.

కబురు తెలిసిన మూడో రోజున గూడెం వెళ్ళాను. కండక్టరు డిపోలో అడిగి ఇంటి గుర్తులు చెప్పాడు. చెల్లెలుగారు కాళ్ళకు నీళ్ళిచ్చి లోపల కూర్చోబెట్టారు. ఏడుపు అయిపోయాక మేడమ్ సంచీ తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. ఈకల సీసా, బొమ్మల అట్టలు, ఏలకుల పొట్లం, ఒక పెద్ద పుస్తకం. పుస్తకంలో పిల్లకో పేజీ.

“పావని పేజీ చదవండమ్మా” అన్నాను.

ఆవిడ చదివారు. ముందు పేజీల్లో చాలా ఉంది. ‘ప’ వచ్చింది, ఈక ఎగిరింది, మామ్మగారు బయట ఏడ్చారు. అదీ రాసి పెట్టింది. తరవాత ఒక్కొక్క ఆదివారానికి ఒక్కొక్క వరుస. ‘క’ రాలేదు. ‘క’ రాలేదు. ‘క’ రాలేదు. చెల్లెలుగారు అక్కడ చదవడం ఆపారు. ఇంకెన్ని ఉన్నాయమ్మా అన్నాను. పేజీ చివరిదాకా అదేనండీ అన్నారు.

ఆ పుస్తకం పట్టుకుని పై ఆఫీసుకు వెళ్ళాను. ఫ్యాను కింద కూర్చోబెట్టారు. ఒక కుర్రాయన ఎదురొచ్చి, “ఏవండీ మామ్మగారూ, ఏం పని మీద వచ్చారండీ?” అన్నాడు.

“నేను అబద్ధం చెప్పాను. అది రాసుకోవాలి” అన్నాను.

ఆయన కంప్యూటర్లో చాలాసేపు వెతికాడు. “మీ మనవరాలికి బాగైపోయిందని ఉందండీ. మీ వేలిముద్ర కూడా ఉంది. ఇదిగోండి.”

“ఆ వేలు నాదే. ఆ మాటా నాదే. రెండూ తప్పు. ఇదిగో మేడమ్ గారి రాత. చదువుకోండి.”

“ఇది ఆవిడ సొంత పుస్తకం కదండీ. ఆదివారాలవి రికార్డులోకి రావండీ.”

“మరి ఆవిడ స్థానంలో ఇంకొకరిని పంపుతారా?”

“చూద్దామండీ. తప్పకుండానండీ. పైకి రాస్తామండీ. మీరు ఎండన పడి వచ్చారు, మజ్జిగ తాగుతారాండీ?”

నేను నా జన్మలో ఎందరినో తిట్టాను. ఆ కుర్రాయన్ను తిట్టలేకపోయాను. నా మర్యాద నాకే వడ్డించాడు. మజ్జిగ చల్లగా ఉంది. తాగి లేచాను. వాకిట్లోకి వచ్చాక తెలిసింది, ఆయన నా పేరు కూడా రాసుకోలేదు.

ఇది చదివేవారిలో బడిపిల్లల తల్లులు ఉంటారు. మీ దగ్గర మాటల మేడమ్ ఉంటే, ఎవరైనా వచ్చి పిల్ల ఎలా మాట్లాడుతోందని అడిగితే, లోపమే చెప్పండి. రాని అక్షరాలే లెక్కపెట్టి చెప్పండి. అది ఆవిడకు మచ్చ కాదు, అదే ఆవిడకు అన్నం. నేను ఈ ముక్క చెప్పినందువల్ల మా గది తెరుచుకోదు. మా పిల్ల పెద్దదవుతోంది. వయసు ముదిరితే పలక బిగుసుకుంటుందని మేడమే చెప్పింది. కొత్త మనిషి వస్తుందని నేను అనుకోవడం లేదు. పావని కూడా అడగడం మానేసింది.

కానీ రెండో ఆదివారం, నాలుగో ఆదివారం అది తొమ్మిదింటికి చాప వేస్తోంది. నేను చెప్పలేదు. బస్సు వంతెన దాటిన చప్పుడు వినపడుతుంది. అద్దం తీసి ముక్కు కింద పెట్టుకుంటుంది. నేను ఎదురుగా కూర్చుంటాను, నోటినిండా నీళ్ళతో. ఎలా నేర్పాలో నాకు తెలియదు, కనీసం అడ్డురాకుండా ఉండటం వచ్చు.

అది నోరు తెరుస్తుంది. నాలుక వెనక్కి లాగుతుంది, మెడ నరాలు లేస్తాయి. ‘క’ అనబోతుంది. అద్దం మసకబారుతుంది. లంగా అంచుతో తుడిచి మళ్ళీ పెట్టుకుంటుంది. మళ్ళీ మసక. నేను చెయ్యి వెనక్కి పెట్టుకుని వేళ్ళు ముడుస్తాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నోట్లో నీళ్ళు వేడెక్కిపోతాయి. అయిదో వేలూ ముడుస్తాను. తరవాత ఏం చేయాలో ఆవిడ నాకు చెప్పలేదు. మొదటి వేలు తెరిచి, మళ్ళీ ముడుస్తాను.